ఒకే రౌటరు, రెండు వేగములు

గోదావరీతీరమునందలి యొక పట్టణమున మేమెఱిగిన గృహస్థొకరు కలరు. ఆయనకు గ్రామమున కొలదిపాటి మాగాణియు, పట్టణమున రెండంతస్తుల యిల్లును గలవు. కుమారుడు హైదరాబాదునందలి యొక సంస్థకు ఇంటినుండియే పనిచేయుచున్నాడు. కుమార్తె డిగ్రీ ముగించి పోటీపరీక్షకు సిద్ధమగుచున్నది. ఇంటికి వచ్చు అంతర్జాలపు తీగ యొకటే. దానిని గాలిలోనికి పంచు రౌటరు ఒకటే. అన్నాచెల్లెండ్రు కూర్చుండు బల్లయు నొకటే. అయినను అన్న ల్యాపుటాపునకు సెకనుకు 95 మెగాబిట్లు వచ్చుచుండగా, చెల్లెలి ల్యాపుటాపునకు 30 మించి వచ్చుటలేదు. సాయంకాలమున పొరుగువారందఱు ఇండ్లకు చేరిన పిమ్మట అది 10కి దిగుచున్నది. అధ్యాపకుని స్వరము తెగిపోవుచున్నది. పాఠము నడుమ నిలిచిపోవుచున్నది. మాదిరి పరీక్షలో జవాబు పంపవలసిన గడువు కన్నులయెదుటనే దాటిపోవుచున్నది.

తండ్రి మొదట కుమారుని శంకించి, అంతయు నీవే లాగికొనుచున్నావని మందలించెను. తరువాత తీగ యిచ్చిన సంస్థకు మొఱపెట్టుకొనెను. వారు వచ్చి పరీక్షించి, తీగలో లోపము లేదనిరి. పిమ్మట చందా పెంచి 300 మెగాబిట్ల పథకమునకు మాఱెను. అంగడివాని సలహాపై ఆఱు కొమ్ములుగల ప్రియమైన రౌటరును గొనెను. ఫలితమేమి? కుమారుని వేగము 280కి పెరిగెను. కుమార్తె వేగము 30 నుండి కదలలేదు. మూడింతలుగా నున్న వ్యత్యాసము తొమ్మిదింతలయ్యెను. ధనము వ్యయమయ్యెను, కష్టము మాత్రము తీరలేదు.

ఇది యొక్క యింటి గాథ కాదు. ఇట్టి మొఱలు మా చెవిని పలుమాఱులు పడుచున్నవి. దీనికి కారణము తెలియక మన గృహస్థులు తప్పు లేనివారిపై తప్పు మోపుచున్నారు. అవసరములేని వస్తువులను గొనుచున్నారు. అవసరమైన దానిని గొనకున్నారు. కావున ఈ విషయమును కొంత విపులముగా చర్చింప దలచితిమి.

నిషేధమునుండి స్వేచ్ఛకు

రౌటరనునది గృహమునందలి యొక చిన్న ఆకాశవాణి కేంద్రము. ల్యాపుటాపును అట్టిదే. రెండును విద్యుదయస్కాంత తరంగములను వెలువరించును, రెండును వినును. ఇంతటి స్వేచ్ఛ మనకు సులభముగా లభించినది కాదు. 1933లో ఆంగ్లప్రభుత్వము చేసిన నిస్తంత్రి చట్టము ప్రకారము, అనుమతిపత్రము లేక నిస్తంత్రి పరికరమును దగ్గఱ నుంచుకొనుటయే నేరము. 1942లో క్విట్టిండియా ఉద్యమకాలమున బొంబాయిలో రహస్యముగా కాంగ్రెసు రేడియోను నడపినందుకు ఉషా మెహతాగారు చెఱసాల ననుభవించిరి. స్వరాజ్యము వచ్చిన పిమ్మటను ఆ చట్టము చిరకాలము నిలిచినది. 2005 జనవరిలో మాత్రమే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు అనుమతిపత్రముల నిర్బంధమునుండి విముక్తి పొందినది. 2018లో 5 గిగాహెర్ట్జ్ ప్రాంతమున 605 మెగాహెర్ట్జ్‌ల విస్తృతి గల తరంగములు ప్రజలకు విడువబడినవి. 2025 మే నెలలో 6 గిగాహెర్ట్జ్ బ్యాండునందలి క్రింది 500 మెగాహెర్ట్జ్‌లను విడుచుటకు ముసాయిదా నియమములు ప్రకటింపబడినవి.

ఈ బ్యాండుల పేళ్లను పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురు గాక. రెండు ల్యాపుటాపుల తారతమ్యములో సగము రహస్యము ఇందే యున్నది.

రెండు చేతుల చప్పట్లు

రౌటరు వేగమును ఇచ్చుననియు, ల్యాపుటాపు దానిని పుచ్చుకొనుననియు సామాన్యముగా మనవారు తలంతురు. ఇది పొరపాటు. వేగము ఒకరిచ్చునది కాదు; ఇరువురు కలసి యొడంబడునది. రెండు చేతులు కలసినగాని చప్పుడు కాదు. ల్యాపుటాపు రౌటరుతో సంబంధము గలుపుకొను క్షణముననే తనకు తెలిసిన పద్ధతులేవో, తనకెన్ని యాంటెన్నాలు గలవో, ఎంత వెడల్పుగల మార్గమును వాడగలదో తెలుపును. రౌటరును తన శక్తిని తెలుపును. ఉభయులకును సామాన్యమైన దానియందే వారి సంభాషణ జరుగును. ఇందు బలహీనుని శక్తియే హద్దు. మహాపండితుడు ఓనమాలు దిద్దు బాలునితో మాటాడునపుడు పాండిత్యమంతయు ప్రకటింప లేడుగదా!

వైఫై పద్ధతులు తరతరములుగా మాఱుచు వచ్చినవి. 1997లో వెలువడిన మొదటి ప్రమాణమున పరమవేగము సెకనుకు 2 మెగాబిట్లు. 1999లో అది 11 అయినది. 2003లో అదే బ్యాండున 54 అయినది. 2009లో వచ్చిన దానిని ఇప్పుడు వైఫై 4 అనియు, 2013 నాటిదానిని వైఫై 5 అనియు, 2021 నాటిదానిని వైఫై 6 అనియు వ్యవహరించుచున్నారు. ప్రతి క్రొత్త తరమును పాతవారితో పాతభాషలోనే మాటాడునట్లు నిర్మింపబడినది. అందువలన పాత ల్యాపుటాపు క్రొత్త రౌటరుతో చక్కగా కలియును; కాని పాతవేగముతోనే కలియును.

లెక్క చూడుడు. వైఫై 4 తరమునకు చెంది, ఒక్కటే యాంటెన్నా కలిగి, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండున 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో పనిచేయు ల్యాపుటాపు పొందగల పరమవేగము 72 మెగాబిట్లు. వైఫై 5 తరమునకు చెంది, రెండు యాంటెన్నాలతో 5 గిగాహెర్ట్జ్ బ్యాండున 80 మెగాహెర్ట్జ్ వెడల్పును వాడు ల్యాపుటాపునకు అది 866. వైఫై 6 తరమున అవే రెండు యాంటెన్నాలతో, అదే వెడల్పుతో 1201. మఱియొక మాట: ఇవి యొడంబడికయందలి వేగములే గాని చేతికందునవి కావు. గాలిలో ఒకే చానలున పంపుటయు వినుటయు ఏకకాలమున జరుగవు. ప్రతి సందేశమునకును అందినదన్న జవాబు తిరిగి రావలెను. కావున సాధారణముగా చేతికందునది ఒడంబడిక వేగములో సగమునుండి మూడింట రెండువంతుల వఱకే. 72 అని వ్రాయబడినచోట నిజముగా 40 లభించిన అదృష్టమే. పైని చెప్పిన కుమార్తె ల్యాపుటాపు ఈ మొదటి తెగకు చెందినది. అది అన్న యేండ్ల తరబడి వాడి విడిచిన యంత్రము. అట్టిదానికి వేయి మెగాబిట్ల రౌటరును తెచ్చినను ప్రయోజనమేమి? తూము చిన్నదైనపుడు కాలువ నెంత వెడల్పు చేసినను చేనికి చేరు నీరు పెరుగదు.

యాంటెన్నాల మాట

ఒకే తరమునకు చెంది, ఒకే యేట కొన్న రెండు ల్యాపుటాపులందును తారతమ్యము కనబడును. దీనికి తఱచు కారణము యాంటెన్నాల సంఖ్యయే. ఇవి బయటికి కనబడవు. సామాన్యముగా తెఱ చుట్టునుగల అంచులయందు దాగియుండి, సన్నని తీగల మూలమున లోపలి వైఫై కార్డునకు కలుపబడియుండును. రెండున్నచోట ఒకే కాలమున, ఒకే బ్యాండున రెండు వేర్వేఱు ధారలుగా సమాచారము ప్రవహింపగలదు. ఒక్కటే యున్నచోట ఒక్కధారయే. వెల తగ్గించు నిమిత్తము కొన్ని చౌకరకపు ల్యాపుటాపులలో ఒక్క యాంటెన్నానే యుంచుట కద్దు. పెట్టెమీద మాత్రము రెండింటిపైనను వైఫై కలదనియే వ్రాయుదురు.

ఒకే గాలిలో, ఒకే తరంగముపై రెండు ధారలు పోవుట యెట్లు, అవి కలసి కలగాపులగము కావా యని పాఠకులడుగవచ్చును. గోడలకును, కప్పునకును తగిలి ప్రతిఫలించు తరంగములు వేర్వేఱు మార్గముల చేరును. రెండు యాంటెన్నాలకు వినబడునది కొంచెము వేఱువేఱుగా నుండును. ఆ భేదమును బట్టి గణితముచే రెండు ధారలను విడదీయుదురు. పూర్వము విఘ్నమని తలంపబడిన ప్రతిధ్వనియే ఇప్పుడు సాధనమైనది. ఈ మార్గమును చూపినవారిలో అగ్రగణ్యుడు భారతీయుడని చెప్పుకొనుట మనకు గర్వకారణము. 1944లో పొల్లాచ్చిలో జన్మించిన ఆరోగ్యస్వామి పాల్‌రాజుగారు భారత నౌకాదళమున పనిచేసి, సముద్రగర్భమున ధ్వనిచే శత్రునౌకలను గుర్తించు సోనారు యంత్రమును మన యోడలకై నిర్మించిరి. పలు శ్రవణసాధనములకు చేరిన శబ్దములను పోల్చి చూచుటయే ఆ విద్య. పిమ్మట అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకేగి, పూనాలో జన్మించిన థామస్ కైలత్‌గారితో కలసి, బహుయాంటెన్నాల పద్ధతికి 1992లో పేటెంటు కోరిరి. 1994లో అది లభించినది. పాల్‌రాజుగారికి 2010లో పద్మభూషణ బిరుదమును, 2014లో మార్కొనీ బహుమానమును లభించినవి. మన గృహములందలి రౌటర్లకు మొలచిన కొమ్ములలో ఆ నావికుని మేధ కలదని ఎందఱెఱుగుదురు?

గోడలు, బీరువాలు, పొరుగువారు

ఇక బ్యాండుల సంగతి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ తరంగము దానిలో సగమునకంటెను తక్కువ. మొదటిది గోడలను దాటి దూరము పోగలదు. కాని దాని విస్తృతి యంతయు 83 మెగాహెర్ట్జ్‌ల మాత్రమే. ఒకదానితో నొకటి రాచుకొనని చానళ్లు అందు మూడే యిముడును. పొరుగిండ్ల రౌటర్లు, బ్లూటూతు పరికరములు, వంటయింటి మైక్రోవేవు పొయ్యి సహితము అచ్చటనే గుమిగూడును. సంతలో నిలిచి రహస్యము చెప్పుకొనుట యెట్టిదో 2.4 బ్యాండున పాఠము వినుట యట్టిది. 5 గిగాహెర్ట్జ్ బ్యాండు విశాలమైన మైదానము. అచ్చట చానళ్లు పెక్కులు. వెడల్పైన మార్గములు లభించును. కాని యది గోడలకు త్వరగా లొంగును.

ఆరుబయట దూరము రెట్టింపైనచో తరంగబలము నాల్గవవంతునకు తగ్గును. ఇంటిలో గోడలడ్డుపడుటచే ఇంకను తగ్గును. మన పెద్దల మండువాలోగిళ్లయందలి మూరెడు మందము గల గోడలు, నేటి యిండ్లయందలి ఇనుపచువ్వల కాంక్రీటు, ఇనుపబీరువాలు, నిలువుటద్దములు, నీళ్లతొట్లు — ఇవి యన్నియు ఈ తరంగములకు శత్రువులే. బలము తగ్గినకొలది రౌటరును ల్యాపుటాపును తమ సంభాషణను నెమ్మదింపజేసికొనును. ఎదురెదుట కూర్చున్నవారు త్వరత్వరగా గుసగుసలాడుకొందురు. ఏటికి ఆవలియొడ్డున నున్నవానితో ఒక్కొక్క యక్షరమును దీర్ఘముగా పలికి కేకవేయవలెను. వైఫైయందును అంతే. చెంతనున్నపుడు ఒక్కొక్క సంకేతమున 10 బిట్లను పొదుగునట్టి వైఫై 6 పరికరము, దూరమైనకొలది 8కి, 6కి, తుదకు 1కి దిగును.

ఇచట స్మరింపవలసినవారు జగదీశచంద్ర బోసుగారు. 1895లో కలకత్తాయందు వారు మిల్లీమీటర్ల కొలతగల సూక్ష్మతరంగములను పుట్టించి, తీగ లేకయే దూరమునగల గంటను మ్రోగించి, తుపాకిమందును రగిల్చి జనులను చకితులనొనర్చిరి. నేటి వైఫై తరంగములకంటెను పొట్టివైన తరంగములతో నూటముప్పది యేండ్లకు పూర్వమే ప్రెసిడెన్సీ కళాశాలయందు పరిశోధన గావించిన మహనీయుడాయన. పేటెంటులపై ఆయనకు ఆసక్తి లేకుండెను.

ఏ బ్యాండున చేరవలెనను నిర్ణయము చాలవఱకు ల్యాపుటాపుదే. రౌటరు సూచింపవచ్చును గాని నిర్బంధింపజాలదు. రెండు బ్యాండులకును ఒకే పేరు పెట్టియున్నచోట, ఒక ల్యాపుటాపు 5ను ఎన్నుకొనును. మఱియొకటి దూరమునుండి మొదట వినబడిన 2.4నే పట్టుకొని, రౌటరు చెంతకు వచ్చినను విడువక వ్రేలాడును. వేర్వేఱు తయారీదారులు ఈ నిర్ణయమును వేర్వేఱు తీరుల వ్రాసియుండుటయే ఇందుకు కారణము.

వంతుల ధర్మము

గాలి యందఱిది. ఒక రౌటరుక్రింద ఒక చానలున ఒక క్షణమున సాధారణముగా ఒక్కరే పలుకవలెను; తక్కినవారు వినుచు తమ వంతుకై వేచియుండవలెను. కాలువ క్రింది రైతులకు ఈ ధర్మమును వేఱుగా బోధింపనక్కఱలేదు. వంతు వచ్చినపుడు ఒకడు గంటలో తన చేను తడుపుకొని తూము మూయును. బోదె పూడిపోయినవాడు అదే విస్తీర్ణమునకు పది గంటలు తీసికొనును. నష్టపోవువాడు వాడొక్కడే కాదు, దిగువనున్న రైతులందఱును.

ఇదే యిచ్చట జరుగును. 12,000 బిట్లుగల యొక ప్యాకెట్టును 600 మెగాబిట్ల వేగముతో పంపుటకు సెకనులో 50,000వ వంతు కాలము చాలును. అదే ప్యాకెట్టు 6 మెగాబిట్ల వేగమున పోవలెనన్న సెకనులో 500వ వంతు పట్టును, అనగా నూఱురెట్లు. వంతుకొక ప్యాకెట్టు చొప్పున ఇరువురును పంపుచుండినచో, కాలమంతయు మందగామియే ఆక్రమించును. వేగముగల ల్యాపుటాపును దాదాపు వాని స్థితికే దిగజారును. క్రొత్త పద్ధతులు పెక్కు ప్యాకెట్లను ఒకే వంతున కట్టగట్టి పంపి ఈ దోషమును కొంత తగ్గించినవి. కొన్ని రౌటర్లు వంతులను ప్యాకెట్ల లెక్కను గాక కాలపు లెక్కను పంచును. అయినను దోషము పూర్తిగా తొలగలేదు. కావున పై గృహమున కుమారుడు చెల్లెలి వేగమును దోచుకొనుచున్నాడనుట అసత్యము. ఒకవిధముగా చూచిన, చెల్లెలి పాత యంత్రమే అన్న కాలమును తినుచున్నది! ఇంటిలో ఒక్కరిని వెనుకబెట్టి తక్కినవారు ముందునకు పోజాలరను నీతిని గాలి సహితము బోధించుచున్నది.

యంత్రమునందలి రోగములు

అన్ని విధముల సమానమైన రెండు ల్యాపుటాపులందును భేదము కనబడినచో, అందొకటి అస్వస్థతతో నున్నదని గ్రహింపవలెను. బ్యాటరీపై నడచునపుడు కొన్ని ల్యాపుటాపులు విద్యుత్తు పొదుపునకై వైఫై కార్డును మాటిమాటికి నిద్రపుచ్చును. తీగ తగిలించినంతనే చురుకుదనము వచ్చును. కార్డును నడిపించు డ్రైవరను సాఫ్టువేరు పాతదైనను వేగము తగ్గును. ప్రక్కనే తగిలించిన యూఎస్‌బీ 3 డిస్కుల తీగలు 2.4 బ్యాండున రొద పుట్టించుట కూడ అనుభవసిద్ధము.

వీనికంటె విచిత్రమైనది మఱియొకటి కలదు. తెఱయో, కీళ్లో, బ్యాటరీయో బాగుచేయించుటకు ల్యాపుటాపును విప్పినపుడు, యాంటెన్నా తీగల కొనలనున్న ఆవగింజంత బొడిపెలు ఊడివచ్చును. మరమ్మతుదారు మఱచియో, తొందరపాటుచేతనో వానిలో నొకదానిని తిరిగి తగిలింపకున్నచో, యంత్రము పనిచేయుచునే యుండును. వైఫైయు వచ్చుచునే యుండును. కాని రౌటరునకు రెండడుగుల దూరమునకు పోయినంతనే క్షీణించును. మాలో నొకరి ల్యాపుటాపునకు ఇట్లే జరిగినది. ఆఱు నెలలు రౌటరును తిట్టిన పిమ్మట మూత తీసి చూడగా, నల్లని తీగయొకటి అనాథవలె లోపల పడియుండెను. దానిని గోటితో నొక్కి తగిలించుటకు అర నిమిషము పట్టినది.

పరీక్షించు విధము

కావున ధనము వెచ్చించుటకు పూర్వము గృహస్థులు చేయదగిన పరీక్ష యిది. రెండు ల్యాపుటాపులను ఒకే బల్లపై, రౌటరునకు రెండు మూడు గజముల దూరమున నుంచి, ఇంటిలో తక్కినవారిని కొంతసేపు అంతర్జాలము వాడవలదని కోరి, ఒకదాని తరువాత నొకదానిని కొలువుడు. ఏకకాలమున కొలిచినచో రెండును ఒకదాని వంతును మఱియొకటి పంచుకొనును గాన ఆ కొలత నిష్ప్రయోజనము. పిమ్మట ప్రతి ల్యాపుటాపునందలి వైఫై వివరములలో ఒడంబడిక వేగమెంతయో, బ్యాండు ఏదో చూడుడు. 72 అనియు 2.4 అనియు కనబడినచో వ్యాధి తేటతెల్లమైనట్లే. తరువాత మందగించిన దానిని రౌటరునకు తీగతో కలిపి చూడుడు. తీగతో వేగము పూర్తిగా వచ్చినచో దోషము సంస్థవారిది కాదు. గాలిలోనిది, లేదా వైఫై కార్డునందలిది. చౌకరకపు రౌటర్ల తీగరంధ్రములు 100 మెగాబిట్లకే పరిమితమై యుండునని మాత్రము మఱువరాదు.

చికిత్సయు అదే క్రమమున సులభము. రౌటరును బీరువా వెనుకనుండి తీసి ఇంటి నడుమ, ఎత్తున నుంచుటకు ఖర్చు లేదు. 5 గిగాహెర్ట్జ్ బ్యాండునకు వేఱుపేరు పెట్టి, చెంతనుండు యంత్రములను దానిలో చేర్చుటకు ఖర్చు లేదు. డ్రైవరును నవీకరించుటకు ఖర్చు లేదు. కదలక యొకచోట నుండు యంత్రమునకు తీగయే ఉత్తమము. అది గాలి నితరులకు విడిచిన పుణ్యమును గూడ నిచ్చును. కార్డు పాతదైనచో కొన్నిటియందు మార్పించవచ్చును. బోర్డునకు అతికింపబడిన వానియందు ఆ వీలు లేదు. అప్పుడు యూఎస్‌బీకి తగిలించు చిన్న వైఫై పరికరము చాలును. మేము చెప్పిన గృహమున తుదకు జరిగినదదియే. 5 గిగాహెర్ట్జ్ బ్యాండును వినగల అట్టి పరికరమొకటి కొనిరి. దాని వెల ప్రియమైన రౌటరు వెలలో నాలుగవవంతైనను లేదు. కుమార్తె వేగము 30 నుండి 180 దాటెను. అన్నపై అపవాదము తొలగెను. ఆడపిల్లకు పాత వస్తువే చాలునను మన యిండ్లయందలి యలవాటు ఆమె చదువునకు ఎంత చేటు చేసెనో తండ్రికి అంకెలలో కనబడెను.

కొనువారి హక్కు

ఇంతకును ఆ గృహస్థుని తప్పేమి? ల్యాపుటాపు కొన్ననాడు దాని పెట్టెపై జ్ఞాపకశక్తి యెంతయో, తెఱ వైశాల్యమెంతయో పెద్దయక్షరముల వ్రాసియుండెను. యాంటెన్నాలెన్ని, బ్యాండులేవి యను మాట యెచటను లేదు. రౌటరు పెట్టెపై అన్ని బ్యాండుల పరమవేగములను కూడి యొక మహాసంఖ్యను ముద్రించియుండిరి. ఏ యొక్క ల్యాపుటాపును ఆ సంఖ్యను చూడబోదన్న సత్యమును ముద్రింపలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము వస్తువుయొక్క నాణ్యత, పరిమాణము, శక్తి, ప్రమాణము, వెల అనువానిని తెలిసికొను హక్కు కొనువానికి కలదని స్పష్టముగా చెప్పుచున్నది. విద్యుత్తు నెంత తినునో తెలుపు నక్షత్రముల గుర్తులు 2006 నుండి మన దేశమున అమలులోనికి వచ్చినవి; వానిని చూచియే నేడు సామాన్యుడును శీతలయంత్రమును ఎన్నుకొనుచున్నాడు. వైఫై తరమేది, బ్యాండులేవి, యాంటెన్నాలెన్ని యను మూడు అంకెలను ప్రతి ల్యాపుటాపు పెట్టెపైనను స్పష్టముగా ముద్రింపవలెనని శాసించుట ప్రభుత్వమునకు కష్టము కాదు. విద్యార్థులకై టోకుగా యంత్రములను గొను ప్రభుత్వములును, కళాశాలలును ఈ మూడింటిని తమ షరతులయందు చేర్చవలెను. చౌకవెలతో వేయి యంత్రములు గొని, వేయిమంది పిల్లలను ఇఱుకు బ్యాండులోనికి త్రోయుట పొదుపు కాదు.

2011లో మొదలై 2015 నుండి భారత్‌నెట్ అను పేర పరగుచున్న పథకముచే ప్రభుత్వము గ్రామపంచాయతీలకు కాంతితీగలను చేర్చుటకు పూనినది. అపారమైన ప్రజాధనముతో వేలమైళ్లు నడచివచ్చిన ఆ వేగము, ఇంటిలో తుది పదిగజములయందు ఒక చిన్న కార్డుకడ ఆగిపోవుట యెంత విచారకరము!

మఱియొక చింతయు మనకు కలుగవలెను. తీగలేని వార్తకు తొలిప్రయోగములు చేసినవాడు మన బోసు. బహుయాంటెన్నాల మార్గము చూపినవాడు మన పాల్‌రాజు. అయినను నేడు మన ల్యాపుటాపులలోని వైఫై చిప్పులు అత్యధికముగా అమెరికా, తైవాను సంస్థలు రూపొందించినవి. హైదరాబాదునందును బెంగళూరునందును మన యువకులే వాని రూపకల్పనయందు రేయింబవళ్లు శ్రమించుచున్నారు. ముద్ర మాత్రము పరులది. 2021 డిసెంబరులో కేంద్రప్రభుత్వము 76,000 కోట్ల రూపాయలతో సెమీకండక్టరుల పథకమును ప్రకటించినది. ఆ ధనములో కొంత, ఇంటింటను నిత్యము వాడబడు ఈ చిఱుచిప్పునకై వినియోగపడునేని అది నిజమైన స్వదేశీవ్రతమగును.

అంతవఱకు గృహస్థులు తమ చేతనున్న పనిని చేయుదురు గాక. మద్దెలను నిందించుటకు పూర్వము ఆటగాని కాలిని చూడవలెను. రౌటరును మార్చుటకు పూర్వము ల్యాపుటాపును పరీక్షింపుడు; ఇంటిలో అందఱికంటె పాత యంత్రము ఎవరి చేతిలో నున్నదో విచారింపుడు. వేగము తక్కువగా నున్నది అచ్చటనే. మొదట బాగుచేయవలసినదియు అదే.